జీఎస్ ల్యాబ్ పుస్తకం

కూకట్‌పల్లి జేఎన్‌టీయూ పరిధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లల టైమ్‌టేబుల్‌లో మిగతా ల్యాబుల మధ్య వారానికి రెండు గంటల ల్యాబ్ ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దానికి పరికరాలు ఉండవు, కంప్యూటర్ అక్కర్లేదు. అసలు పేరు జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్, పిల్లల నోట జీఎస్ ల్యాబ్. క్రెడిట్లు సున్నా. కానీ గట్టెక్కకపోతే డిగ్రీ చేతికి రాదు. క్రెడిట్లు లేని సబ్జెక్టుకు ఇంజనీరింగ్ కాలేజీలో ఎంత మర్యాద దక్కుతుందో వేరే చెప్పాలా? పరీక్ష ముందు రాత్రి ఎవరి నోట్సో తిరగేసి గట్టెక్కే బాపతు అది. అయినా ఆ ల్యాబ్‌కు పెట్టిన పాఠ్యపుస్తకం, నా దృష్టిలో, ఈ మధ్యకాలంలో హైదరాబాద్‌లో తయారైన పుస్తకాల్లో అత్యంత శ్రద్ధగా అల్లిన వాటిలో ఒకటి.

పేరు ‘టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్’. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ ఉన్న జెండర్ పాఠ్యపుస్తకం. 2015లో తెలుగు అకాడమీ ప్రచురించింది. రాసింది తొమ్మిదిమంది: ఎ. సునీత, ఉమా భృగుబండ, దుగ్గిరాల వసంత, రమా మేల్కోటే, వసుధా నాగరాజ్, అస్మా రషీద్, గోగు శ్యామల, దీపా శ్రీనివాస్, సూసీ తారు. ఇందులో కోర్టుల్లో స్త్రీల కేసులు వాదించిన లాయరుంది. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసరుంది. భాషాశాస్త్రవేత్త ఉంది. తాండూరు వైపు పల్లెల్లోంచి దళిత జీవితాన్ని కథలుగా తెచ్చిన రచయిత్రి ఉంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో స్త్రీల అధ్యయనాలు బోధించిన వ్యక్తి ఉంది. కె. లలితతో కలిసి ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ సంపుటాలకు సంపాదకత్వం వహించిన సూసీ తారు సంగతి సాహిత్యం చదివేవాళ్లకు తెలిసిందే. వీళ్లలో చాలామంది 1985లో హైదరాబాద్‌లో మొదలైన అన్వేషి పరిశోధనా కేంద్రంతో ముడిపడినవాళ్లు. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, స్త్రీల ఆరోగ్యం మీద వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ చదివినవారికి ఈ పుస్తకం ఏ చేతులమీదుగా వచ్చిందో అట్టమీద పేర్లు చూడగానే అర్థమవుతుంది. నలుగురు కూర్చుని, వాదించుకుని, సామాన్య పాఠకురాలికి అందేలా రాయడం ఈ ఊళ్లో నలభై ఏళ్ల అలవాటు.

పుస్తకం పుట్టిన సందర్భం మాత్రం హైటెక్ సిటీది. 2013 అక్టోబరులో మాదాపూర్ ఇనార్బిట్ మాల్ దగ్గర రాత్రివేళ కారెక్కిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని డ్రైవరు, అతని స్నేహితుడు ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారు. అప్పటిదాకా ఐటీ కారిడార్ అంటే అద్దాల మేడలు, రాత్రంతా వెలిగే దీపాలు, ఆడపిల్ల ఒంటరిగా తిరగగల చోటు అనుకున్న నగరం ఉలిక్కిపడింది. మరుసటేడు తెలంగాణ వచ్చింది. పూనం మాలకొండయ్య నేతృత్వంలో స్త్రీల భద్రత మీద కమిటీ వేశారు. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో ఉన్న పోలీసులు బస్టాపుల్లో, కాలేజీ గేట్ల దగ్గర నిలబడి, వేధించేవాణ్ణి కెమెరాతో సహా పట్టుకుని, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇప్పించే పద్ధతి అది. ఆ మరుసటేడే ఈ పుస్తకం వచ్చింది. ఒకే భయం పుట్టించిన రెండు పనులివి. మొదటిదాని గురించి ఊరందరికీ తెలుసు.

పిల్లలకు భద్రత పాఠం అంటే మన కాలేజీల్లో జరిగే తంతు ఒకటుంది. ఆడపిల్లలందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. మగపిల్లలకు ఆ గంట ఖాళీ, క్యాంటీన్‌కు పోతారు. యాప్ డౌన్‌లోడ్ చేయించి, పెప్పర్ స్ప్రే చూపించి, రెండు కరాటే దెబ్బలు నేర్పి, చీకటిపడ్డాక ఒంటరిగా తిరగొద్దని చెప్పి, గ్రూప్ ఫొటో దిగుతారు. ఆ యాప్‌నూ, హెల్ప్‌లైన్ నంబర్నూ నేను తీసిపారేయను. ఆపదలో అవే పనికొస్తాయి. కానీ వేధించగలవాళ్లు క్యాంటీన్‌లో కూర్చుని ఉండగా, వేధింపుకు గురయ్యేవాళ్లకే పాఠం చెప్పడం ఏమి లెక్క?

ఈ పుస్తకం పనితనం ఇక్కడే మొదలవుతుంది. విషయసూచిక తెరిచి చూడండి. హింస ఎక్కడుంది? మొదట్లో లేదు. మొదటి యూనిట్ ఈ చదువు నీకెందుకు అని అడుగుతుంది. రెండోది స్త్రీలను స్త్రీలుగా, పురుషులను పురుషులుగా తయారుచేసే పెంపకం గురించి. అందులో ఆడపిల్ల తయారీ ఎలా జరుగుతుందో ఒక పాఠమైతే, మగపిల్లవాడు పెరగడం ఎలా ఉంటుందో ఇంకొకటి. మగతనం ఒక్కటి కాదు, పలు రకాలని చెప్పేది మరొకటి. మూడో యూనిట్ ఇంటి చాకిరి. నాలుగోది లింగ నిర్ధారణ పరీక్షల వల్ల పుట్టకముందే మాయమైన ఆడపిల్లల లెక్క. అయిదోది మనం చదువుకునే జ్ఞానమే ఎవరి చూపులోంచి వచ్చిందన్న ప్రశ్న. ఇన్ని దాటాక ఆరో యూనిట్‌లో గానీ లైంగిక వేధింపుల మాట రాదు. ఎనిమిదోది గృహహింస. పదకొండోది అత్యాచారాల గురించి ఎలా ఆలోచించాలన్నది.

ఇది అనుకోకుండా కుదిరిన వరుస కాదని నా నమ్మకం. హింసతో మొదలుపెడితే క్లాసులో ఏమవుతుందో తెలుసు. అమ్మాయిలు తలవంచుకుంటారు, అబ్బాయిలు ‘మేమేం చేశాం’ అని బిగుసుకుంటారు. ఇంటి చాకిరితో మొదలుపెడితే ఎవరూ బిగుసుకోనక్కర్లేదు. ‘మా అమ్మ పని చెయ్యదు’ అనేది అందులో ఒక పాఠం పేరు. ఫారాల్లో అమ్మ వృత్తి దగ్గర ‘హౌస్‌వైఫ్’ అనో, ‘నిల్’ అనో రాయని పిల్లవాడు ఆ క్లాసులో ఉండడు. పొద్దున అయిదింటికి లేచి తన లంచ్‌బాక్స్ కట్టిన మనిషిని ‘నిల్’ అని రాసినవాణ్ణి పుస్తకం తిట్టదు. లెక్క వెయ్యమంటుంది. లెక్కలంటే భయంలేని పిల్లలు కదా, వేస్తారు. చదవాల్సినవాటి జాబితాలో విమల ‘వంటిల్లు’ కవిత ఉంది. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ ప్రచురించిన, స్త్రీల పనికీ పిల్లల ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద వీణా శత్రుఘ్న బృందం చేసిన అధ్యయనమూ ఉంది. ఒకే పాఠం పక్కన ఒక కవితా, ఒక పోషకాహార పరిశోధనా! సాహిత్యం అంటే జంకే ఇంజనీరింగ్ విద్యార్థికి ఒక దారి, అంకెలంటే జంకే ఇంగ్లీషు లెక్చరర్‌కు ఇంకొక దారి.

కులాన్ని పక్కనపెట్టకపోవడం నాకు మరీ నచ్చిన సంగతి. పెంపకం యూనిట్‌లోనే ‘కులంలో తొలి పాఠాలు’ ఉంది. అత్యాచారాల యూనిట్‌లో హింసకు ఉన్న కుల ముఖం మీద అదనపు పాఠం ఉంది. ఆరోగ్యకరమైన అనుబంధాల గురించి పాశ్చాత్య దేశాల బడుల్లో వాడే కరపత్రాలు తెచ్చి అనువదించి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు. ఇక్కడ ఇద్దరు పిల్లలు ఇష్టపడితే మొదట అడిగేది కులమే. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆసుపత్రి గేటు దగ్గర ఒక దళిత యువకుణ్ణి నరికి చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ పెళ్లిలో భార్యాభర్తల మధ్య అనుబంధం ఆరోగ్యంగానే ఉంది. ముప్పు వచ్చింది బయటినుంచి. ‘నో చెప్పడం నేర్చుకోండి’ అని మాత్రమే చెప్పే పాఠానికి ఈ ముప్పు కనిపించదు.

ఆరో యూనిట్ మొదటి పాఠం పేరే ఒక సవరణ: ఇది లైంగిక వేధింపు, ‘ఈవ్‌టీజింగ్’ కాదు. మన పత్రికలు ఎన్నో ఏళ్లు ఆటపట్టించడంలా రాసినదాన్ని 2013లో సవరించిన చట్టం నేరమంది. ఇప్పటి భారతీయ న్యాయసంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపు, 78 వెంటపడటం. ఆ తర్వాత నిత్యం ఎదురయ్యే వేధింపులను ఎదుర్కోవడం గురించి పాఠం. దాని వెంటే అదనపు పఠనంగా జయప్రభ ‘చూపులు’. ఆ కవితను అక్కడ పెట్టిన చేతికి నమస్కారం. కిక్కిరిసిన బస్సులో, వీధిలో, ఎవరూ ముట్టుకోకుండానే ఒళ్లంతా గుచ్చుకునే చూపు గురించిన కవిత అది. కేసు పెట్టడానికి సెక్షన్ దొరకని వేధింపు అది. జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ కింద హైటెక్ సిటీ వైపు పోయే షేర్ ఆటో కోసం నిలబడే అమ్మాయికి అది రోజూ తెలిసిన సంగతే. పక్కన నిలబడ్డ క్లాస్‌మేట్‌కు తెలియదు. చట్టం చెప్పలేని భాగాన్ని కవితకు వదిలెయ్యడం తెలిసినవాళ్లు చేసే పని.

ఈ పిల్లలే రెండేళ్లు తిరక్కుండా మైండ్‌స్పేస్‌లోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో మెడలో ఐడీ కార్డుతో కనిపిస్తారు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగమన్నా మహిళలు ఉండాలి, బయటివారు ఒకరుండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు. కంపెనీలో చేరిన వారంలో దీనిమీద ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇస్తారు. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయి సర్టిఫికెట్ తీసుకుంటారు. అంతకుముందే ఎక్కడో ఒకచోట ఈ మాటలు నోటితో చర్చించి ఉండటం వేరు.

ఎనిమిదో యూనిట్‌లోని ఒక ఎంపిక గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇల్లు క్షేమమైన చోటేనా అన్న ప్రశ్న తర్వాత ఒక సినిమా చూడమంటారు: ‘వెన్ విమెన్ యునైట్’. షబ్నం విర్మానీ తీసిన డాక్యుమెంటరీ. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం కథ. ఆ ఉద్యమం ఎలా రాజుకుందో గుర్తుచేసుకోండి. 1990ల మొదట్లో నెల్లూరులో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. భర్త తాగుడుకు కుదేలైన ఇల్లాలి కథ. చదివినవాళ్లు ఇది మా కథే కదా అన్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అప్పుడు అక్షరాస్యత కార్యకర్తలు దూబగుంట సంగతినే పాఠంగా రాసి తర్వాతి వాచకంలో పెట్టారు. పేరు ‘ఆడవాళ్లు ఏకమైతే’. అది చదివి పక్క ఊళ్లు లేచాయి. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

పాఠం ఊరిని కదిపింది. కదిలిన ఊరు తిరిగి పాఠమైంది. ఆ పాఠం పేరే సినిమా పేరైంది, ఆ సినిమా మళ్లీ ఇంకో పాఠ్యపుస్తకంలో చేరింది. గృహహింస నివారణ అనగానే ఏ విదేశీ నమూనానో వెతక్కుండా, తెలుగునేల మీద ఒక వాచకం సాధించిన పనిని తెచ్చి పిల్లల ముందు పెట్టడం గొప్ప పని. నెల్లూరు ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది మొగుడి చేతి దెబ్బలు ఆపడానికే కదా! అక్షరం వచ్చిన కొత్తలోనే వాళ్లు పట్టుకున్న సంబంధాన్ని, పన్నెండేళ్లు చదివి ఎంట్రన్స్‌లో ర్యాంకు కొట్టినవాళ్లు ఒక పీరియడ్‌లో పట్టుకోగలరా అన్నది లెక్చరర్ చేతిలో ఉంది.

పదకొండో యూనిట్‌లో బాధితురాలినే తప్పుపట్టడం గురించిన పాఠం పక్కన ‘ఐ ఫాట్ ఫర్ మై లైఫ్’ ఉంటుంది. 1980లో బొంబాయిలో పదిహేడేళ్ల వయసులో అత్యాచారానికి గురైన సొహైలా అబ్దులాలి, మూడేళ్ల తర్వాత సొంత పేరుతో, ఫొటోతో ‘మానుషి’ పత్రికలో రాసిన వ్యాసం అది. బాధితురాలు అనగానే ముఖం మీద దుపట్టా కప్పిన బొమ్మ వేసే అలవాటున్న మనకు, తన పేరుతో తాను మాట్లాడిన ఒక మనిషిని చూపించడం మంచి ఎంపిక. గెలిచింది కూడా ఆమే. ప్రాణంతో బయటపడటమే గెలుపని ఆమె వాదన.

ఆ తర్వాత వచ్చే పన్నెండో యూనిట్ సమానులుగా కలిసి బతకడం గురించి. హింస దగ్గర ఆపి పిల్లల్ని భయంతో ఇంటికి పంపరన్నమాట. ఇందులో ప్రేమలేఖల మీద ఒక పాఠముంది. ప్రేమలేఖ దొరికితే తల్లిదండ్రుల్ని పిలిపించే కాలేజీల్లో, ప్రేమలేఖలు సిలబస్! అమ్మలూ నాన్నల మీద ఒకటుంది. ‘ప్రేమకూ యాసిడ్‌కూ పొసగదు’ అనే అర్థమొచ్చే పేరుతో ఇంకొకటి. ఆ పేరు వినగానే తెలంగాణలో ఎవరికైనా గుర్తొచ్చేది 2008 డిసెంబరు, వరంగల్. ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకరు ప్రాణాలు కోల్పోయారు. నిందితులు ముగ్గురూ కొద్దిరోజుల్లోనే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పదకొండేళ్ల తర్వాత శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్. అది బూటకమని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. రెండుసార్లూ జనం పోలీసులకు జేజేలు కొట్టారు. తుపాకీ మోతకు వచ్చిన చప్పట్లలో పదోవంతు ఈ పాఠానికి రాలేదు. కాదన్న అమ్మాయిని బతకనివ్వాలని ఒక కుర్రాడికి ఇరవయ్యేళ్లలోపు చెప్పే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఆ పని చేస్తున్నది ఈ పన్నెండో యూనిట్.

ఇదే యూనిట్‌లో సమానమైన జంటకు ఉదాహరణగా మేరీ కోమ్, ఆమె భర్త ఆన్లర్ ఉన్నారు. భార్య బాక్సింగ్‌కు వెళ్తే భర్త పిల్లల్ని చూసుకున్న ఇల్లు. వాళ్లిద్దరూ విడాకులు తీసుకున్నామని 2025లో మేరీ కోమ్ ప్రకటించారు. క్లాసులో ఏ కొంటె విద్యార్థో ‘మేడమ్, వాళ్లు విడిపోయారు కదా’ అనక మానడు. పాఠం చెడిపోయిందా? నేనలా అనుకోను. సమానంగా బతికినవాళ్లు విడిపోవడం కూడా చర్చించాల్సిన సంగతే. కాదన్నందుకు యాసిడ్ పొయ్యని విడిపోవడం ఎలా ఉంటుందో అదే యూనిట్‌లో మాట్లాడుకోవచ్చు. తర్వాతి ముద్రణలో ఈ సంగతి రెండు వాక్యాల్లో కలిపితే చాలు.

విశ్వవిద్యాలయం చేసిన పనిలోనూ మెచ్చదగ్గవి ఉన్నాయి. దీన్ని థియరీ పేపరు చెయ్యకుండా ల్యాబ్ చేశారు. మూల్యాంకనంలో క్లాసులో చర్చకు 20 శాతం, ప్రాజెక్టుకు 30, చివరి పరీక్షకు 50. నోరుమూసుకుని కూర్చుంటే మెచ్చుకునే మన క్లాసురూముల్లో నోరువిప్పినందుకు అయిదోవంతు మార్కులు! చెప్పేవాళ్లు ఇంగ్లీషు, సోషియాలజీ వాళ్లే కానక్కర్లేదని, విషయం తెలిస్తే ఇంజనీరింగ్ శాఖల నుంచి కూడా రావచ్చని సిలబస్‌లోనే రాశారు. మెకానికల్ సారు గృహహింస పాఠం చెప్పే రోజు వస్తే ఆ కాలేజీలో సగం పని అయినట్టే.

తప్పుపట్టాల్సినవీ ఉన్నాయి. తొలి సిలబస్‌లో చివరి యూనిట్‌కు సహజీవనమనే అర్థమొచ్చే శీర్షిక ఉండేది. 2018 నాటి సిలబస్‌లో అది పోయి, ప్రేమలేఖలూ యాసిడ్ పాఠమూ సినిమాలూ ప్రకటనల పక్కన ‘సంస్కృతి’ కింద చేరాయి. కట్టుదిట్టంగా పేర్చిన వరుసను కదిలించారు. ఇంకా పెద్ద లోటు పుస్తకం వయసు. 2015 నాటిది, జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. ఆ తర్వాత కుర్రకారు పరిచయాలు, ప్రేమలు, తగాదాలు, బెదిరింపులు అన్నీ ఫోన్లోకి మారాయి. విడిపోయాక ఫొటోలు పెడతానని బెదిరించడం, పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ప్రేమ లేదనడం, లొకేషన్ షేరింగ్ పేరుతో కాపలా కాయడం, మార్ఫింగ్ వీడియోలు: వీటికి విడిగా ఒక యూనిట్ ఉండాలి. సైబర్ ఫిర్యాదుల నంబరు 1930 వెనక అట్టమీద ఉండాలి. ‘చూపులు’ కవితను కవయిత్రి ఇవాళ రాస్తే కెమెరాను వదిలేదా?

మరొకటి. ఇది మొదలయ్యే వయసు ఆలస్యం. బీటెక్‌కు వచ్చేసరికి పెంపకం పాఠం ఇంట్లో పూర్తయిపోయి ఉంటుంది. పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం. ఆ సంగతి బడి టీచర్లందరికీ తెలిసుంటే బాగుండేది. ఈ తొమ్మిదిమందో, వాళ్ల దారిలో నడిచే ఇంకెవరో ఎనిమిదో తరగతికి ఇలాంటి పుస్తకం రాస్తే, సమానుల సంగతి పదమూడో ఏట మొదలవుతుంది. అన్వేషి అంతకుముందే ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల కథల వరుస తెచ్చింది కనుక చేతకానిదేం కాదు.

తెలుగు అకాడమీ ఈ పుస్తకాన్ని ఫోన్ యూనిట్‌తో, మేరీ కోమ్ సవరణతో మళ్లీ ముద్రించాలి. ఈలోగా మీ ఇంట్లో జేఎన్‌టీయూ పిల్లలుంటే, రికార్డు రాయడం అయిపోయాక పుస్తకాన్ని పాత సామానులో వెయ్యనివ్వకండి. అడిగి తీసుకుని, మూడో యూనిట్‌తో మొదలుపెట్టి మీరు చదవండి.